సుందరయ్య సైకిలు

విజయవాడ నుండి ఏలూరు వెళ్లే జాతీయ రహదారిపై, గన్నవరం దాటిన తరువాత హనుమాన్ జంక్షన్ వస్తుంది. కూడలిలో వెలసిన ఆంజనేయస్వామి ఆలయం వల్ల ఊరికి ఆ పేరు స్థిరపడింది. మద్రాసును కలకత్తాతో కలిపే పెద్ద రహదారిని, నూజివీడు నుండి గుడివాడ వెళ్లే రోడ్డు అక్కడ అడ్డంగా దాటుతుంది. నూజివీడు వైపు తిరిగితే మెట్ట భూములు, ఎర్రనేల, మామిడి తోటలు. గుడివాడ వైపు తిరిగితే కృష్ణా డెల్టా మాగాణులు, కాలువలు, కాలువ గట్లు, వానపడితే బంకగా మారే నల్లరేగడి. రెంటికీ నడుమ నున్నని తారు రోడ్డు. ఒక్క పూట ప్రయాణంలో మూడు రకాల నేలలు ఎదురయ్యే తావు అది.

ఇటువంటి సీమలో సైకిలు నడిపేవానికి ఒక చిక్కు తప్పదు. తారు రోడ్డుపై సునాయాసంగా పరుగెత్తే చక్రం గట్టు మీద కూరుకుపోతుంది. బురదలో నిలదొక్కుకొనే చక్రం తారు రోడ్డుపై భారంగా సాగుతుంది. రోజూ రెండు బాటలలోనూ తిరుగవలసినవాడు ఏ చక్రాన్ని ఎంచుకోవాలి?

నేడు హనుమాన్ జంక్షన్ చేరి ఉన్న గన్నవరం నియోజకవర్గానికి 1955 నుండి 1967 వరకు, మళ్లీ 1978 నుండి 1983 వరకు శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య. తెలుగువారి జ్ఞాపకంలో ఆయన పేరుతోపాటు విడదీయరానిదిగా నిలిచిన వస్తువు సైకిలు. పార్లమెంటుకు సైకిలుపై వెళ్లిన సభ్యుడని ఆయనను చెప్పుకోవడం పరిపాటి. అయితే ఆ సైకిలు ఢిల్లీ వీధుల కోసం ప్రత్యేకంగా కొన్న వింత వస్తువు కాదు. పల్లెల బాటలలో కార్యకర్తలు ఎక్కి తిరిగిన వాహనమే రాజధాని వరకు వెళ్లింది.

సుందరయ్య 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడులో జన్మించారు. వారిది భూవసతి గల రెడ్డి కుటుంబం. తల్లిదండ్రులు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. ఆయనకు ఆరేళ్ల వయస్సులోనే తండ్రి మరణించారు. అక్కగారి సంరక్షణలో ఉంటూ, ఆ కుటుంబం ఉన్న ఊళ్లలో చదువుకొన్నారు. తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసు పాఠశాలలు ఆయన విద్యాభ్యాసానికి నెలవులయ్యాయి. ఊరు మారినప్పుడల్లా కొత్త మనుషులు, కొత్త యాస. తరువాతి కాలంలో దక్షిణ భారతమంతటా తిరిగి పనిచేయవలసిన మనిషికి ఇది మంచి తర్ఫీదే అయింది.

మద్రాసు లయోలా కళాశాలలో చదువుతుండగా 1930లో శాసనోల్లంఘన ఉద్యమం దేశాన్ని కదిలించింది. పదిహేడేళ్ల సుందరయ్య చదువు విడిచి సత్యాగ్రహంలో చేరి అరెస్టయ్యారు. చిన్న వయస్సువాడు కావడంతో తంజావూరులోని బోర్‌స్టల్ పాఠశాలకు పంపారు. బాలనేరస్థులను ఉంచే ఆ నిర్బంధాలయంలో గడిపిన కాలం ఆయన ఆలోచనను మలుపు తిప్పింది. విడుదలైన తరువాత అమీర్ హైదర్ ఖాన్‌తో ఏర్పడిన పరిచయం ఆయనను కమ్యూనిస్టు భావాల వైపు నడిపించింది. స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను సమీకరించడంతో ఆయన ప్రజాజీవితం ఆరంభమయింది. తమ భూములలో పనిచేసే కూలీల పక్షాన భూస్వామి కుమారుడే నిలబడడం బంధువర్గానికి మింగుడుపడని విషయం. కులాన్ని తెలిపే భాగాన్ని పేరు నుండి తొలగించుకొని, నాటి నుండి సుందరయ్యగానే మిగిలారు. తన వాటాకు వచ్చిన ఆస్తిని పార్టీకి ఇచ్చివేశారు.

1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని నిర్మాతలలో ఆయన ఒకరు. కేరళ, తమిళ ప్రాంతాలలో కమ్యూనిస్టు పార్టీ వేళ్లూనడంలో ఆయన కృషి గణనీయమైనది. నిషేధం ఉన్న కాలంలో అజ్ఞాతవాసం, నిషేధం తొలగిన కాలంలో బహిరంగ కార్యక్రమం, ఇలా జీవితం రెండు పాయలుగా సాగింది. 1942లో పార్టీపై నిషేధం తొలగడంతో బెజవాడ కేంద్రంగా పని విస్తరించింది. పత్రికలు, కరపత్రాలు, సభల కబుర్లు ఊరూరికీ చేరవలసివచ్చేది. అప్పటి కృష్ణా జిల్లా పల్లెలలో బస్సు దిగిన చోటు నుండి ఊరు చేరడానికి కాలినడకో, ఎడ్లబండో, కాలువలో పడవో ఆధారం. నాలుగవ సాధనంగా సైకిలు ప్రవేశించింది. దానికి మేత అక్కరలేదు, చమురు అక్కరలేదు, రేవులో పడవ కోసం వేచి ఉండవలసిన పని లేదు. కాలువ అడ్డం వస్తే భుజాన వేసుకొని తాటిమొద్దు వంతెన దాటవచ్చు. కార్యకర్తకు అంతకంటె అనువైన వాహనం మరొకటి లేదు.

ఈ సైకిలు చక్రంలో గాలి ఎలా చేరిందో ఒకింత తెలుసుకోవలసి ఉన్నది. గాలితో నింపిన రబ్బరు చక్రానికి 1845లోనే స్కాట్లండ్ వాసి రాబర్ట్ విలియం థామ్సన్ పేటెంటు పొందారు. కాని అప్పటికి సైకిలే ప్రచారంలో లేదు. ఆ ఊహ మరుగున పడిపోయింది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడిగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడు చక్రాల బండి రాళ్ల వీధిలో ఎగిరెగిరి పడకుండా ఉండేందుకు గాలి టైరును తిరిగి రూపొందించారు. అంటే గాలి టైరు నున్నని రోడ్డు కోసం కాక గతుకుల బాట కోసమే పుట్టినదన్నమాట. ఈ సంగతిని వేగమే ముఖ్యమనుకొనే నేటి సైకిలు ప్రియులు కొందరు మరచిపోతుంటారు. డన్‌లప్ పేరు గల సంస్థ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో కర్మాగారం నెలకొల్పింది. రెండవ ప్రపంచ యుద్ధంలో 1942 నాటికి మలయా జపాను వశమయ్యేసరికి రబ్బరు దొరకడం దుర్లభమయింది. టైరు అరిగినా, పగిలినా కొత్తది సులభంగా రాదు. చిల్లుపడిన ట్యూబును నీళ్లలో ముంచి, బుడగలు వచ్చే చోటు కనిపెట్టి, అతుకు మీద అతుకు వేసుకొని నడపడం ఆనాటి వారికి అలవాటయింది.

1943లో బొంబాయిలో సుందరయ్య లీలను వివాహమాడారు. ఆమె కూడా పార్టీ కార్యకర్తయే. సంతానం కలిగితే ప్రజాకార్యానికి అవరోధమవుతుందని భావించి బిడ్డలు వద్దని నిర్ణయించుకొన్నారు. సుందరయ్య స్వయంగా శస్త్రచికిత్స చేయించుకొన్నారు. ఆ కాలంలో అటువంటి నిర్ణయానికి పురుషులు సిద్ధపడడం అరుదు. ఆస్తి వదలుకోవడం కంటె ఇది కఠినమైన త్యాగమని చెప్పవలసి ఉంటుంది. అందులో సగభాగం లీలదే అయినా, ప్రస్తావన వచ్చినప్పుడు లోకం ఆమె పేరును తక్కువగానే తలచుకొంటుంది.

1946లో తెలుగువారందరికీ ఒకే రాష్ట్రం కావాలని వాదిస్తూ సుందరయ్య విశాలాంధ్రలో ప్రజారాజ్యం అనే పుస్తకం రచించారు. అదే కాలంలో నిజాం పాలనలోని తెలంగాణలో రైతుల సాయుధ పోరాటం ప్రజ్వరిల్లింది. దాని ప్రధాన నాయకులలో ఆయన ఒకరు. 1948 నుండి మళ్లీ అజ్ఞాతవాసం తప్పలేదు. ఆ రోజులలో సైకిలు పక్కకు తప్పుకొంది. తడిసిన నేలపై టైరు అచ్చు స్పష్టంగా పడుతుంది. మనిషి అడుగు మాత్రం నలుగురి అడుగులలో కలిసిపోతుంది. అడవులలో కాలినడకయే శరణ్యం. 1951లో ఆ పోరాటాన్ని విరమించారు. దాని లోటుపాట్లపై అప్పుడూ, తరువాతా తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. సుందరయ్య ఆ అనుభవాన్నంతటినీ సమీక్షిస్తూ 1972లో పెద్ద గ్రంథాన్ని వెలువరించారు.

1952లో ఆయన మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యసభకు ఎన్నికయ్యారు. కొన్ని నెలల క్రితం వరకు పోలీసులు వెదకుతున్న మనిషి పార్లమెంటు సభలో కమ్యూనిస్టు సభ్యుల నాయకుడుగా ఆసీనుడయ్యాడు. సభ్యులు కార్లలో దిగే ఆవరణలోకి ఆయన సైకిలు తొక్కుకొంటూ వచ్చేవారు. చూచినవారికి అది విచిత్రంగా తోచి ఉండవచ్చు. ఆయనకు మాత్రం అది నిత్యకృత్యం. ఢిల్లీ విశాలమైన తారు వీధులలో ఆ సైకిలుకు శ్రమ ఏమున్నది? దాని అసలు పరీక్ష కృష్ణా జిల్లాలోనే ఉన్నది.

1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగాయి. కమ్యూనిస్టులు అధికారంలోకి రావచ్చునన్న అంచనాలు బలంగా ఉన్నాయి. ఫలితాలు అందుకు విరుద్ధంగా వచ్చాయి. 196 స్థానాలలో వారికి దక్కినవి 15 మాత్రమే. పేరుమోసిన నాయకులెందరో ఓడిపోయారు. ఆ పరాజయంలోనూ గన్నవరం ప్రజలు సుందరయ్యను గెలిపించారు. 1962లోనూ ఆయననే ఎన్నుకొన్నారు. సభ మొదట కర్నూలులో, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించిన తరువాత హైదరాబాదులో సమావేశమయింది. హైదరాబాదు శాసనసభకు కూడా ఆయన వాహనం సైకిలే.

గన్నవరం ప్రాంతంలో ఆ సైకిలుకు ఎదురైన పరీక్ష ఎటువంటిదో ఊహించడానికి ఆనాటి టైరును గురించి తెలియాలి. దేశంలో సైకిళ్ల తయారీ అప్పుడే ఊపందుకొంటున్నది. మద్రాసు దగ్గర అంబత్తూరులో హెర్క్యులిస్, ఆసన్‌సోల్‌లో ర్యాలీ, సోనెపట్‌లో అట్లాస్, లూథియానాలో హీరో సైకిళ్లు ఒకదాని వెంట ఒకటి తయారు కాసాగాయి. పేర్లు వేరైనా పెద్దవారు తొక్కే నల్లని సైకిలుకు చక్రం కొలత దాదాపు ఒక్కటే. ఇరువది ఎనిమిది అంగుళాల చక్రం, ఒకటిన్నర అంగుళాల టైరు. బీదవాడు ఎక్కినా, శాసనసభ్యుడు ఎక్కినా అదే టైరు. నేడు దుకాణంలో పదిరకాల టైర్లు వరుసగా వేలాడుతుంటాయి. నాడు ఎంచుకోవడానికి రెండవది లేదు.

టైరు మార్చుకొనే వీలు లేనివారికి మిగిలింది గాలి ఒక్కటే. చక్రం మీద పడే బరువు మారనప్పుడు, గాలి తగ్గితే టైరు నేలపై ఎక్కువ మేర పరచుకొంటుంది. అప్పుడది మెత్తని నేలలో లోతుగా దిగదు, గతుకుల దెబ్బ నడుముకు తగలనీయదు. గాలి ఎక్కువైతే తారు రోడ్డుపై తేలికగా దొర్లుతుంది కాని, గులకరాయి తగిలినప్పుడల్లా ఎగురుతుంది. మరీ తగ్గిస్తే మరో ముప్పు. గోతిలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ నడుమ నలిగి ఒకేసారి రెండు చిల్లులు పడతాయి. మనిషి బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రంపై పడుతుంది గనుక దానికి ముందు చక్రం కంటె గట్టిగా గాలి కొట్టవలసి ఉంటుంది. కారియరుపై పుస్తకాల కట్టో, మరొక మనిషో ఉంటే చెప్పనక్కరలేదు. బొటనవేలితో టైరును నొక్కి చూచి, పంపుతో నాలుగు సార్లు గాలి కొట్టడమో, వాల్వు వదులు చేసి కాస్త తీసివేయడమో అనుభవజ్ఞులైన పల్లె సవారీలకు తెలిసిన విద్య.

గాలితో చక్కబడనిది ఒక్కటే, నల్లరేగడి బురద. వానాకాలంలో ఆ మట్టి టైరుకు చుట్టుకొని, మడ్‌గార్డు కింద బిగుసుకొని, చక్రాన్ని కదలనీయదు. టైరుపై ఎత్తయిన గుబ్బలుంటే బురదలో పట్టు దొరుకుతుందని చాలామంది భావిస్తారు. ఇసుకలో, గరుకు నేలలో అది నిజమే. జిగురు మట్టిలో మాత్రం దగ్గర దగ్గరగా ఉన్న గుబ్బల సందులన్నీ నిండిపోయి టైరు నున్నని ముద్దగా మారుతుంది. తారు రోడ్డు ఎక్కగానే ఆ గుబ్బలే మూలుగుతూ త్వరగా అరిగిపోతాయి. అటువంటి నేలలో టైరు గుబ్బల కంటె టైరుకూ మడ్‌గార్డుకూ నడుమ ఎంత ఖాళీ ఉన్నదన్నదే ముఖ్యం. ఇక్కడి సైకిళ్లకు ఆ ఖాళీ తక్కువ. పుల్లతో మట్టి గీకుకొంటూ పోవడం, అది కూడా సాగనప్పుడు సైకిలును భుజాన వేసుకోవడం, ఇదే డెల్టా వానాకాలపు ప్రయాణం.

ఒక విశేషాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. తారు రోడ్డుపైనా, మట్టి బాటలోనూ తిరగడానికి నేడు ప్రపంచమంతటా సైకిలు ప్రియులు ఎంచుకొంటున్న టైర్ల వెడల్పు సుమారు 35 నుండి 45 మిల్లీమీటర్లు. మధ్యభాగం నున్నగా, అంచులలో చిన్న గుబ్బలతో అవి తయారవుతున్నాయి. టైరు వెడల్పయితే వేగం తగ్గుతుందన్న పాత నమ్మకం గతుకుల రోడ్ల విషయంలో నిలవదని కూడా తేలింది. ఎంపిక చేసుకొనే అవకాశమే లేక మన పల్లెలు తొక్కిన ఒకటిన్నర అంగుళాల టైరు సుమారు 38 మిల్లీమీటర్లు. ఎన్నో ప్రయోగాల తరువాత ఇతరులు చేరిన చోటికి పల్లె సైకిలు ముందుగానే చేరి ఉన్నది.

నియోజకవర్గంలో సైకిలుపై తిరిగే ప్రతినిధికీ, కారులో తిరిగే ప్రతినిధికీ కనబడేవి ఒకటి కావు. కారు తారు రోడ్డు ఉన్నంత మేరకే పోతుంది. కనుక కారులో వచ్చినవానికి రోడ్డు పక్క ఊళ్లే నియోజకవర్గమవుతాయి. ఏలూరు కాలువ గట్టు వెంట, బుడమేరు పరీవాహక ప్రాంతం వెంట సాగేవానికి నీరు ఎక్కడి వరకు వస్తున్నదో, ఎక్కడ ఆగిపోతున్నదో, ఏ పొలం మునిగిందో, ఏ తూము పూడిందో కంటికి తెలుస్తుంది. గట్టు మీద ఎదురైన కూలీ మనిషి సైకిలు హ్యాండిలు పట్టుకొని ఆపి కష్టం చెప్పుకోగలడు. కారు అద్దం దగ్గర ఆ చనువు ఉండదు. శాసనసభలో సుందరయ్య ప్రసంగాలకు అంకెలు, లెక్కలు వెన్నెముక. నీటిపారుదల ఆయనకు మిక్కిలి ప్రీతిపాత్రమైన విషయం. కృష్ణా గోదావరి జలాలను సమగ్రంగా వినియోగించుకొనే మార్గాలను ఆయన శ్రద్ధగా అధ్యయనం చేసి ప్రతిపాదనలు చేశారు. ఆయన రాజకీయాలను అంగీకరించని వారు సైతం ఆ అధ్యయనాన్ని గౌరవించారు.

నిరాడంబరతను సైకిలుతోనే కొలవడం మాత్రం పొరపాటు. సైకిలు ఎక్కినంత మాత్రాన ఎవరూ గొప్పవారు కారు. గన్నవరం ప్రాంతంలో వేలమంది రైతులు, కూలీలు, పాలవారు, బడిపిల్లలు రోజూ సైకిలు తొక్కారు. వారి పేర్లు ఎవరూ వ్రాయలేదు. సుందరయ్య విషయంలో గమనింపదగినది మరొకటి. కారు కొనగల కుటుంబంలో పుట్టి, కారు ఎక్కదగిన పదవిలో ఉండి, తనను ఎన్నుకొన్నవారు ఏ చక్రం మీద తిరుగుతున్నారో ఆ చక్రాన్ని ఆయన దిగలేదు.

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిపోయింది. మార్క్సిస్టు పార్టీకి సుందరయ్య తొలి ప్రధాన కార్యదర్శి అయ్యారు. వెంటనే నిర్బంధాలు ప్రారంభమయ్యాయి. ఆయన మళ్లీ జైలు జీవితం గడిపారు. అప్పటికే ఆరోగ్యం దెబ్బతిన్నది. విధానాలపై పార్టీలో వచ్చిన భేదాభిప్రాయాల వల్ల 1976లో ప్రధాన కార్యదర్శి పదవి నుండి వైదొలగారు. అంతటి పదవిని వదలుకొన్న నాయకులు సాధారణంగా విశ్రాంతి తీసుకొంటారు. ఆయన రాష్ట్రానికి తిరిగివచ్చి, 1978లో అరువది నాలుగేళ్ల వయస్సులో మళ్లీ గన్నవరం నుండి పోటీ చేశారు. ప్రజలు ఆయనను మూడవసారి శాసనసభకు పంపారు.

ఆ అయిదేళ్లలో రోడ్లు మారాయి. లారీలు, బస్సులు పెరిగాయి. మట్టి బాటలు కొన్ని తారు రోడ్లయ్యాయి. మోటారు సైకిళ్లు పల్లెలలోకి రాసాగాయి. ఆయన చేతిలో మిగిలిన పనులు మాత్రం పాతవే. కాలువ నీరు, కూలి రేటు, పంట ధర, ఇంటి స్థలం.

శాసనసభ్యత్వ కాలం 1983లో ముగిసింది. రెండేళ్ల తరువాత, 1985 మే 19వ తేదీన, మద్రాసులో సుందరయ్య మరణించారు. ఆయన తన జీవితకథను విప్లవ పథంలో నా పయనం అనే పేరుతో వ్రాసుకొన్నారు. భూములు, భవనాలు ఆయన వెనుక మిగలలేదు. జీవితకాలమంతా సేకరించిన పుస్తకాలు మిగిలాయి. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరిట నెలకొన్న విజ్ఞాన కేంద్రం గ్రంథాలయానికి ఆ పుస్తకాలే పునాది అయ్యాయి. బస్సు దిగి, కొందరు సైకిలు మీద వచ్చి, విద్యార్థులు అక్కడ కూర్చొని చదువుకొంటూ వచ్చారు.